అభిమాన కథల వర్గీకరణ: కడప, కర్నూలు సీమ ఉదాహరణలతో

అప్పటికే జనానికి తెలిసిన రచనలోని పాత్రలనో లోకాన్నో తీసుకుని, దాని మీది మక్కువతోనో కోపంతోనో మరొకరు అల్లే కొత్త కథను అభిమాన కథ అంటున్నారు. ఫ్యాన్ ఫిక్షన్ అన్న మాటే ఎక్కువ వాడుకలో ఉంది. ఆ కథకు మూలమేది, మూలంతో దాని పొత్తు ఎంత, అందులో ఎవరి మధ్య ఏం జరుగుతుంది, ఏ వయసువారు చదవదగింది అన్న సంగతులను కథకు ముందే చెప్పడం వర్గీకరణ. ఆ చెప్పే మాటలే ట్యాగులు. ఇదంతా ఇంటర్నెట్టుతో వచ్చిన బెడద అనుకునేవారున్నారు. కానీ ఒకరి కథను మరొకరు తీసుకుని రాసినప్పుడు దాన్ని ఏమని పిలవాలన్న ప్రశ్న తెలుగు కవులకు 16వ శతాబ్దంలోనే ఎదురైంది. దానికి అందరికన్నా సూటిగా జవాబిచ్చిన ఇద్దరూ రాయలసీమ వాళ్ళే. ఒకరు నంద్యాల ఆస్థానంలో ఉన్న పింగళి సూరన. ఇంకొకరు కడప జిల్లా భట్టుపల్లెవాడని చెప్పుకునే భట్టుమూర్తి, అంటే రామరాజభూషణుడు.

మూలమేదో తేల్చుకోవడం

ట్యాగుల్లో మొదటిది మూలం పేరు. చూడ్డానికి తేలిక, చేతికొస్తే చిక్కు. బలరాముడి కూతురు శశిరేఖ మీద ఎవరైనా కథ రాశారనుకుందాం. దాన్ని మహాభారతం కింద పెట్టాలా? వ్యాసుడి భారతంలో అభిమన్యుడి పెళ్ళి ఉత్తరతో. శశిరేఖతో ప్రేమ, ఘటోత్కచుడి మాయ, లక్ష్మణకుమారుడి పరాభవం, ఇవన్నీ జనం నోటా నాటకాల్లోనూ పెరిగిన కథ. 1936లోనే అది తెలుగు తెరకెక్కింది. 1957లో విజయావారి ‘మాయాబజార్’ వచ్చాక మనకు శశిరేఖ అంటే ఆ సినిమా శశిరేఖే. నిర్మాతల్లో ఒకరైన బి. నాగిరెడ్డిది కడప జిల్లా పొట్టిపాడు, దర్శకుడు కె.వి. రెడ్డిది పక్కనే అనంతపురం జిల్లా తాడిపత్రి. వ్యాసుడికి తెలియని ఈ పెళ్ళిని తెలుగువాళ్ళ మనసులో భారతంలోకి ఎక్కించినవాళ్ళలో సీమవాళ్ళ వాటా చిన్నదేమీ కాదు.

తేల్చుకోవడానికి ఒక మోటు పద్ధతి ఉంది. కథలో ఆనవాళ్ళు వెతకడమే. ప్రియదర్శిని పెట్టె కనబడినా, ఎవరైనా ‘తసమదీయులు’ అన్నా, ‘గింబళి’ పరిచినా, దుష్టచతుష్టయం అనడానికి చినమయ శిష్యుల మాదిరి నోరు తిరగకపోయినా, ఆ కథకు మూలం పింగళి నాగేంద్రరావు మాటలు రాసిన సినిమా. అవేవీ లేకుండా అభిమన్యుడు, సుభద్ర, కృష్ణుడు మాత్రమే ఉండి, కథ పద్మవ్యూహం వైపు నడుస్తుంటే అది భారతం. రెండూ ఉంటే రెండు పేర్లూ రాయాలి. పాఠకుడు దేన్ని ప్రేమించి మన కథ తెరుస్తాడో దాన్నే మొదట రాయాలి.

మన సినిమా వాళ్ళ పద్ధతి ఇంతకన్నా సులువు. పౌరాణికం, జానపదం, చారిత్రకం, సాంఘికం అని నాలుగు గదులు చేసుకున్నారు. అక్కడ సంఘటన ఎక్కడిదన్నది చూడరు, పాత్ర ఎవరన్నదే చూస్తారు. కృష్ణుడుంటే పౌరాణికం, అంతే. అందుకే పురాణంలో లేని కథతో తీసిన ‘మాయాబజార్’ పౌరాణికమైంది. ఈ నాలుగు గదులూ గోడపోస్టరుకు సరిపోతాయి, పాఠకుడికి చాలవు.

మూలంతో పొత్తు: ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రమం

సంస్కృత లాక్షణికులు ఇతివృత్తాన్ని మూడుగా విడదీశారు. ఇతిహాస పురాణాల్లో ఉన్నది ప్రఖ్యాతం, కవి పుట్టించింది ఉత్పాద్యం, రెండూ కలిసింది మిశ్రమం. అభిమాన కథకు వర్గం నిర్ణయించేవాళ్ళకు ఇప్పటికీ ఇంతకన్నా పనికొచ్చే విభజన లేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఎందుకంటే ఇది కథ రకాన్ని అడగదు, ప్రేమకథా వీరకథా అని చూడదు. మూలానికి ఎంత దూరం జరిగావని మాత్రమే అడుగుతుంది.

రామరాజభూషణుడు ‘వసుచరిత్ర’ అవతారికలో ఈ మూడింటినీ రత్నాలతో పోల్చి తూకం వేశాడు. పూర్తిగా కల్పించిన కథలు చేత్తో చేసిన రత్నాలని, పాత కథలు గనిలోంచి తీసినవి తీసినట్టున్న రత్నాలని, మిశ్రమాలు సాన పట్టిన జాతిరత్నాలని ఆయన తీర్పు. ఇది తటస్థంగా ఇచ్చిన తీర్పు కాదన్నది చదివేవారికి వెంటనే తెలిసిపోతుంది. ఆయన చేతిలో ఉన్నదే మిశ్రమం. ఉపరిచర వసువు, గిరికల కథ భారతం ఆదిపర్వంలో కొద్దిపాటిదే. శుక్తిమతి నదికీ కోలాహల పర్వతానికీ పుట్టిన పిల్ల గిరిక, ఆమెను వసురాజు పెళ్ళాడాడు. ఈ చిన్న ముక్కను ఆయన ఆరు ఆశ్వాసాల కావ్యం చేసి తిరుమల దేవరాయలకు అంకితమిచ్చాడు. మూలంలో క్లుప్తంగా తేలిపోయినదాన్ని తీసుకుని విరహం, వసంతం, చెలికత్తెల రాయబారం నింపడమంటే నేటి అభిమాన రచయితలు మూలంలో తప్పిపోయిన ఘట్టాన్ని పూరించడం లాంటిదే. అటువంటి కథకు ట్యాగు రాసేటప్పుడు రెండు ముక్కలు చాలు: మూలంలో ఉన్నదేమిటి, నేను నింపిందేమిటి.

సూరన మరో దారి పట్టాడు. ఆయన మూడు కావ్యాలూ మూడు రకాల పొత్తుకు నమూనాలు. ‘ప్రభావతీ ప్రద్యుమ్నం’ హరివంశంలోని కథ. ‘రాఘవపాండవీయం’ ఒకే పద్యంలో రామాయణమూ భారతమూ రెండూ పలికే ద్వ్యర్థి, అంటే రెండు మూలాల పేర్లూ తప్పనిసరిగా రాయవలసిన రచన. నంద్యాల కృష్ణమరాజుకు అంకితమిచ్చిన ‘కళాపూర్ణోదయం’ పూర్తిగా సొంత కల్పన.

పూర్తిగానా? ఇక్కడ కాస్త ఆగాలి. కథ ద్వారకలో మొదలవుతుంది. కృష్ణుడున్నాడు, నారదుడున్నాడు, రంభ, నలకూబరుడు ఉన్నారు, చివరికి బ్రహ్మ సరస్వతులు కూడా వస్తారు. కలభాషిణి, మణికంధరుడు, మణిస్తంభుడు, సుముఖాసత్తి, కళాపూర్ణుడు, మధురలాలస సూరన పుట్టించినవాళ్ళు. లాక్షణికుల లెక్కలో కథ కవిదే కాబట్టి ఉత్పాద్యం. సినిమా వాళ్ళ లెక్కలో దేవుళ్ళున్నారు కాబట్టి పౌరాణికం. నేటి అభిమాన రచయిత లెక్కలో తెలిసిన లోకంలోకి కొత్త పాత్రలు వచ్చిన కథ. ఒకే పుస్తకానికి మూడు లేబుళ్ళు, మూడూ నిజమే.

సూరన కావ్యానికి నేడు ట్యాగులు రాయవలసి వస్తే ఎలా ఉంటుందో చూస్తే ఈ పనిలోని కష్టం తెలుస్తుంది. మూలం: కృష్ణకథలు, పురాణాలు. ప్రధాన పాత్రలు: కలభాషిణి, మణికంధరుడు. ఇందులోనే మొదటి తగువు. పుస్తకం పేరు కళాపూర్ణుడిది, కానీ ఆయన పుట్టేసరికి కథ చాలా దూరం నడిచి ఉంటుంది. పేరున్నవాణ్ణి ముందు రాస్తే పాఠకుడు ఎదురుచూసి విసుగెత్తుతాడు. ముందు జన్మ మణికంధరుడే ఆ తర్వాత కళాపూర్ణుడని ట్యాగులోనే చెప్పేస్తే కథ గుట్టంతా బయటపడుతుంది. జంట: రంభ, నలకూబరుడు. కానీ మణికంధరుడు నలకూబరుడి వేషంలో రంభ దగ్గరున్నాడు. కలభాషిణి రంభ వేషం వేసుకుని వచ్చింది. చివరికి ఇద్దరు రంభలు ఎదురుపడి తిట్టుకున్నారు. ఇప్పుడు జంటగా రాయవలసింది వేషాన్నా, మనిషినా? మనిషినే రాయాలి. వేషం సంగతి ‘మారురూపాలు’ అని వేరే ట్యాగుగా పెట్టాలి. అలాగే స్త్రీపురుషులు రూపాలు మార్చుకోవడం, పునర్జన్మ, కథలో కథ, నరబలి ప్రయత్నం, ఆత్మార్పణ ఒక్కొక్కటీ వేర్వేరు ట్యాగులు. చివరి రెండూ హెచ్చరికల కింద రావాలి, అలంకారాల కింద కాదు.

చాలామంది చేసే పని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. కథలో ఒక్కసారి తొంగిచూసిన ప్రతి పాత్రకూ ట్యాగు పెట్టేస్తారు. కళాపూర్ణోదయంలో కృష్ణుడు కనబడతాడు కదా అని కృష్ణకథ వెతుక్కునేవాడికి దాన్ని అందిస్తే అతడు రెండో ఆశ్వాసంలోనే లేచిపోతాడు. కథను ఎవరు నడిపిస్తారో వాళ్ళకే ట్యాగు. గుమ్మంలో నిలబడి పలకరించిపోయినవాడికి అక్కర్లేదు.

రాసిందెవరు? గద్య, మకుటం

రచన ఏదో, ఎవరిదో చెప్పే పని ప్రబంధ కవులు ఆశ్వాసాంత గద్యలో చేసేవారు. ప్రతి ఆశ్వాసం చివరా కవి పేరు, తండ్రి పేరు, కావ్యం పేరు, అది ప్రబంధమో పురాణమో, ఎన్నో ఆశ్వాసమో వరసగా చెప్పేవారు. తాటాకు కట్టలో ఆకులు చెదిరినా ఆ గద్య దొరికితే పుస్తకం చిరునామా తెలిసేది. పేరు చివర చేర్చే మాట కూడా ఒక లేబులే. ‘పరిణయం’ అని ఉంటే పెళ్ళితో ముగుస్తుందని పాఠకుడికి ముందే హామీ.

గద్య లేని చోట ఏమవుతుందో వేమన పద్యాలు చెబుతాయి. వేమన పేరున్న మకుటం తగిలిస్తే ఎవరి పద్యమైనా వేమనదైపోతుంది. సి.పి. బ్రౌన్ 1829లో 693 పద్యాలతో మొదటి కూర్పు వేశాడు, 1839 కూర్పులో అవి 1164 అయ్యాయి. తర్వాతివారి సంకలనాల్లో అంకె ఇంకా పెరిగింది. వీటిలో వేమనవి ఏవి, ఆయన మీది అభిమానంతో మరొకరు అల్లినవి ఏవి అన్న వివాదం పండితుల్లో ఈనాటికీ తెగలేదు. కడపలో బంగళా కొనుక్కుని, పండితుల్ని కూర్చోబెట్టి, ప్రతులు పోల్చి పాఠాలు సరిచేయించిన బ్రౌన్‌కే కొరుకుడు పడని పని అది. ఆయన పేరుతో ఆ ఊళ్ళో భాషా పరిశోధన కేంద్రం వెలసింది.

కాలజ్ఞానం సంగతి మరీ విడ్డూరం. బనగానపల్లెలో పశువులు కాసి, కందిమల్లాయపల్లెలో సమాధి అయిన పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి పేరు మీద ఏ సంఘటన జరిగినా ఒక కొత్త తత్వం పుట్టుకొస్తుంది. 2020లో కరోనా వచ్చినప్పుడు దాన్ని ఆయన ముందే చెప్పాడన్న పద్యం ఫోన్లలో తిరిగింది. అభిమానంతోనే అయినా మూలకర్త పేరుతో రాయడాన్ని అభిమాన కథ అనరాదు. అది ప్రక్షిప్తం. రచయిత తన పేరు వేసుకుని, మూలం ఫలానాది అని చెప్పినప్పుడే అది అభిమాన కథ అవుతుంది. ఈ ఒక్క గీత దగ్గర సర్దుబాటుకు తావు లేదు.

జంటలు, కలయికలు

ఎవరికి ఎవరు జోడీ అన్నది అభిమాన కథల్లో అన్నిటికన్నా ఎక్కువ వెతికే ట్యాగు. ఇంగ్లీషు లోకంలో 1970లలో స్టార్ ట్రెక్ అభిమానులు కిర్క్, స్పాక్ పేర్ల మధ్య అడ్డగీత పెట్టి ప్రేమజంటను సూచించారు. ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’ వంటి భాండాగారాల్లో ఇప్పటికీ అడ్డగీత ఉంటే ప్రేమ, అండ్ గుర్తు ఉంటే స్నేహమో బంధుత్వమో. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ, పాటించకపోతే అన్నాచెల్లెళ్ళ కథ కోసం వచ్చినవారు మరో కథలో పడతారు.

మన దగ్గర ఈ గుర్తులు లేవు గానీ జంటలున్నాయి. అహోబిలం నరసింహుడు చెంచులక్ష్మిని పెళ్ళాడిన కథ భాగవతంలోని ప్రహ్లాద చరిత్రకు లేని కొనసాగింపు. నల్లమల చెంచులు స్వామిని తమ ఇంటి అల్లుడంటారు. కనుమ నాడు మొదలయ్యే పారువేటలో స్వామి పల్లకీ నెలన్నర పాటు చుట్టుపక్కల ఊళ్ళు తిరుగుతుంది. ఇదే కథను అహోబిల మఠం జియ్యరు సంస్కృతంలో ‘వాసంతికా పరిణయం’ నాటకం చేశారు. 1943లోనూ 1958లోనూ ‘చెంచులక్ష్మి’ సినిమాలొచ్చాయి. కడపలో దేవుని కడప వెంకన్నను ఉగాది నాడు ముస్లింలు వచ్చి దర్శించుకుంటారు, ఆయన్ను పెళ్ళాడిన బీబీ నాంచారి తమ ఆడపడుచు అన్న నమ్మకంతో. వీటిని అభిమాన కథలనడం భక్తులకు కష్టం కలిగించవచ్చు, నిజానికి అవి ఆచారంలో పాతుకున్న కథలు. కానీ రెండు లోకాల వాళ్ళను ఒక పెళ్ళిపందిట్లోకి తేవడమన్న పని మాత్రం అదే.

రామాయణంలో ఊర్మిళ సంగతి చూడండి. వాల్మీకి ఆమెను అయోధ్యలో వదిలేశాడు. మన ఆడవాళ్ళు ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాటగా పాడుకుని ఆ ఖాళీ నింపారు. ఆధునికుల్లో ఓల్గా ‘విముక్త’ కథల్లో సీత శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను కలుస్తుంది. ఆ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఇటువంటి వాటికి ‘రామాయణం’ అన్న ట్యాగు సగమే నిజం. ఏ రామాయణం అన్నది చెప్పాలి. రామాయణం రాసిన మొల్లది కడప జిల్లా గోపవరమని ఆ జిల్లావారు గర్వంగా చెప్పుకుంటారు. జమ్మలమడుగు వావిలికొలను సుబ్బారావు వాల్మీకాన్ని యథాతథంగా తెలుగు చేసి ఆంధ్ర వాల్మీకి అనిపించుకున్నాడు. రంగనాథ రామాయణంలో ఉడుత ఉంది, వాల్మీకంలో లేదు. ఉడుత మీద కథ రాసి మూలం వాల్మీకి అంటే తెలిసినవాడు నవ్వుతాడు.

గురజాడ మధురవాణిని తీసుకుని పురాణం సుబ్రహ్మణ్యశర్మ ‘మధురవాణి ఇంటర్వ్యూలు’ రాశారు. నాటకంలోని పాత్ర బయటికొచ్చి సాహిత్యకారులను ప్రశ్నలడుగుతుంది. దీన్ని అభిమాన కథ, పేరడీ, విమర్శ అని మూడింటి కిందా పెట్టవచ్చు. పేరడీ అన్న ట్యాగు మాత్రం జరుక్‌శాస్త్రి శైలిలో మూలం నడకను అనుకరించి నవ్వించినప్పుడే నప్పుతుంది. మూలాన్ని ఎదిరిస్తూ రాసినదంతా పేరడీ కాదు.

బతికిన మనుషుల మీద కథలు

చరిత్రలో ఉన్న మనిషిని తీసుకున్నప్పుడు బాధ్యత పెరుగుతుంది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కంపెనీ ప్రభుత్వం 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీసింది. ఆయన మీద పాటలు సీమ పల్లెల్లో తరాలుగా పాడుతున్నారు. 2019 అక్టోబరు 2న ‘సైరా నరసింహారెడ్డి’ సినిమా విడుదలకు ముందు వివాదం తెలంగాణ హైకోర్టుకెళ్ళింది. ఇది జీవితచరిత్ర చిత్రం కాదని అక్కడ దర్శకుడి పక్షాన చెప్పినట్టు పత్రికలు రాశాయి. ప్రచారంలో వీరుడి పేరు, కోర్టులో కల్పన. ఒకే రచనకు చోటును బట్టి లేబుల్ మారితే పాఠకుడికి మిగిలేది అయోమయమే.

‘ఆర్ఆర్ఆర్’ సినిమా ఆ విషయంలో నయం. అల్లూరి సీతారామరాజు, కొమురం భీం కలుసుకున్నారన్న ఆధారం లేదు. కలిసి ఉంటే ఎలా ఉండేదన్న ఊహ మీద అల్లిన కల్పన ఇదని తీసినవాళ్ళే ముందు నుంచీ చెప్పారు. అభిమాన రచయితలు కూడా ‘నిజ వ్యక్తులు, ఊహాకథ’ అని మొదటి వరసలోనే రాయాలి. బతికున్నవారి మీదైతే, ముఖ్యంగా సినిమా నటుల మీద ప్రేమకథలైతే, ట్యాగు పెట్టినంత మాత్రాన పరువునష్టం నుంచి తప్పించుకోలేరు.

వయసు, హెచ్చరికలు

పాతవాళ్ళు పట్టించుకోనిది ఇదొక్కటే. ప్రబంధాల్లో శృంగారానికి హద్దు లేదు, ముందు మాటగా హెచ్చరికా లేదు. వినేది రాజసభ కాబట్టి అవసరం పడలేదు. ఈ పని పూర్తిగా కొత్తవాళ్ళది. 2007లో ఏర్పడిన ఆర్గనైజేషన్ ఫర్ ట్రాన్స్‌ఫార్మేటివ్ వర్క్స్ 2009 నవంబరులో పాఠకులకు తెరిచిన ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’కు 2019లో హ్యూగో పురస్కారం వచ్చింది. అందులో అందరికీ, పదమూడు దాటినవారికి, పెద్దలకు, బాహాటమైన శృంగారం లేదా హింస ఉన్నది అని స్థాయిలున్నాయి. స్థాయి చెప్పను అన్న గడి కూడా ఉంది. ఇది కాక తీవ్ర హింస, ప్రధాన పాత్ర మరణం, అత్యాచారం, మైనర్లతో లైంగిక ప్రస్తావన అన్న నాలుగింటికి వేరే హెచ్చరిక. చెప్పడం ఇష్టం లేని రచయిత ‘హెచ్చరికలు వాడటం లేదు’ అని రాయవచ్చు. ఆ మాటా ఒక హెచ్చరికే, చదివేది మీ పూచీ మీద అని అర్థం.

మన దేశంలో సినిమాకు ఈ పని సెన్సార్ బోర్డు చేస్తుంది. 2023 సవరణ చట్టం తర్వాత యూఏ సర్టిఫికెట్టును ఏడు, పదమూడు, పదహారు ఏళ్ళ లెక్కన మూడుగా విడగొట్టారు. తెలుగులో రాసేవారు ఈ అంకెలనే అరువు తెచ్చుకుంటే పాఠకులకు పరిచయమైన కొలత అవుతుంది.

చివరి మలుపు చెడుతుందని మరణాన్ని దాచిపెట్టేవారున్నారు. పద్మవ్యూహంలో అభిమన్యుడు చచ్చిపోతాడని ట్యాగు పెడితే తెలుగు పాఠకుడికి కొత్తగా చెప్పిందేమీ లేదు. శశిరేఖ చచ్చిపోతే మాత్రం తప్పక చెప్పాలి, ఎందుకంటే ఆ సినిమా వెతుక్కుంటూ వచ్చినవాడు నవ్వుకోవడానికి వస్తాడు.

ట్యాగు మోసే బరువు

లేబుల్ ఒకసారి అంటుకుంటే ఊడదు. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2002లో ‘ఇంద్ర’ తర్వాత తెలుగు సినిమాలో రాయలసీమ అంటే ఫ్యాక్షన్ అన్న ముద్ర పడింది. సుమోలు, వేటకొడవళ్ళు ఉంటే చాలు ‘సీమ కథ’ అనేస్తున్నారు. కరువు, వలస, బోరు ఎండిన చేను, కేతు విశ్వనాథరెడ్డి రాసిన కడప జిల్లా పల్లెబతుకులు ఈ ట్యాగు కిందికి రావడం లేదు. అభిమాన కథ రాసేవారు ఈ చోటును ‘నేపథ్యం: కర్నూలు’ అని రాయాలే తప్ప, హింసకు మారుపేరుగా వాడకూడదు. హింస ఉంటే హింస అనే రాయండి.

చట్టం

మన కాపీరైటు చట్టం 1957 ప్రకారం రచయిత జీవితకాలం, ఆపై 60 ఏళ్ళు రచనకు రక్షణ. గురజాడ 1915లో పోయాడు కాబట్టి మధురవాణి అందరిదీ. విశ్వనాథ సత్యనారాయణ 1976లో పోయాడు, ఆయన రచనలకు 2036 చివరి దాకా హక్కులుంటాయి. రాముడు ఎవరి సొత్తూ కాదు. తినే అన్నమే రోజూ తింటున్నాం కదా అని తన రామాయణ కల్పవృక్షం మొదట్లో విశ్వనాథే అన్నాడు. ‘ఇది అభిమాన కథ, హక్కులు మూలకర్తవే’ అని పైన రాసుకోవడం మర్యాద. దానికి చట్టబలం లేదు.

ఈ ప్రాంతం నుంచి రాసేవారికి ఒక మనవి. చెంచులక్ష్మి మీదో బీబీ నాంచారి మీదో నరసింహారెడ్డి మీదో కథ రాస్తే, మూలం దగ్గర సినిమా పేరో పుస్తకం పేరో రాసి ఊరుకోకండి. ఏ ఊళ్ళో ఎవరు పాడితే విన్నారో, మనిషి పేరు చెప్పడం ఇష్టం లేకపోతే ఊరి పేరైనా రాయండి. అచ్చుకెక్కని కథలకు ఆ ఒక్క వరసే ఆధారం.